ఒక జానెడు ఒరిగించు అల్లుడూ

ఈ లోకంలో నాకు ఒళ్ళు మండే మాట ఒక్కటే ఉంది. బూతు కాదు. బూతులకు నేను మండను. బరంపురం బజార్లో పుట్టి పెరిగినవాణ్ణి, రెండు భాషల్లోనూ నా దగ్గర సరిపడా నిల్వ ఉంది. ఆ మాట ‘టికే’. ఒడియాలో టికే అంటే కాస్త, రవ్వంత. టికే జరుగు, టికే ఉప్పెయ్యి, టికే ఆగు. అనేవాడికి అది చిన్న మాటే. విన్నవాడి బతుకు చిన్నదైపోతుంది. మా వీధిలో ఒక దర్జీ ‘టికే ఆగండి’ అంటే నమ్మి ఆగిన పెద్దమనిషి ఒకడు, తన పెళ్ళికని కుట్టడానికిచ్చిన కోటు కొడుకు పెళ్ళికి తొడుక్కున్నాడు. ఆ దర్జీనైనా నేను క్షమిస్తాను. మా సావుకారుని, మా మేనమామని, ఒక సిద్ధాంతిని, నా కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుల్ని మాత్రం క్షమించను. వీళ్ళంతా కలిసి ఒక ఇనప హాపరును టికే పక్కకు ఒరిగించమని నా ప్రాణం తీశారు.

మా సావుకారుది బరంపురంలో తాతల కాలం నుంచీ చింతపండు, బెల్లం టోకున అమ్మిన ఇల్లు. ఆయన మాత్రం ఇనుములోకి దిగాడు. రైసు మిల్లులకు కావలసిన తొట్లు, గొట్టాలు, హాపర్లు చేసే షెడ్డు పెట్టాడు. షెడ్డులో ఒక మూల ప్లైవుడ్డు గోడలు లేపి, లోపల ఒక కంప్యూటరును, దాని ముందు నన్ను కూర్చోబెట్టాడు. కంప్యూటరుకు కుచ్చుల అంచున్న పట్టుగుడ్డ కప్పేవారు. రోజూ దానికి అగరొత్తి వెలిగించేవారు. ఉన్న ఒక్క ఫ్యానూ దాని వైపే తిప్పి ఉండేది. వైశాఖంలో ఆ గదిలో అప్పడం పట్టుకుని నిలబడితే చాలు, అదే కాలేది. నేను కాలితే ఎవరికీ పట్టేది కాదు, ఎందుకంటే నన్ను వాయిదాల మీద కొనలేదు.

ఆ కంప్యూటర్లో నేను చేసేది గీతలు గీయడం కాదు. సాలిడ్ మోడల్ అంటారు దాన్ని. ఇనుముతో చేసిన వస్తువు ఎలా ఉంటుందో అలాగే, లోపలా బయటా నిండుగా, తెర మీద కడతాను. ఎక్కడ కోస్తే అక్కడ లోపలి భాగం కనిపిస్తుంది. బరువెంత అని అడిగితే చెబుతుంది. అది కట్టాక షెడ్డులో పలకలు ఎలా కోయాలో, ఎక్కడ వెల్డింగ్ చేయాలో కాగితాల మీదికి వస్తుంది. గంజాం జిల్లాలో అప్పట్లో ఈ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని నేను చెప్పుకునేవాణ్ణి. కాదనడానికి రెండోవాడు ఉండాలి కదా.

ఇక మా మామ. మా అమ్మకు తమ్ముడు. బరంపురంలో నిక్షేపంగా నడుస్తున్న చింతపండు దుకాణం మూసేసి, పురుషోత్తంపూర్ పొలిమేరలో రైసు మిల్లు కట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, కనిపించిన ప్రతి రైతు చెయ్యీ పట్టుకుని, కొత్త పంటకు మా మిల్లుకే రావాలని మాట తీసుకున్నాడు. చిక్కేమిటంటే రోడ్డు మొగలో, అంటే దారి లోపలికి తిరిగేచోట, ఇంకో మిల్లు ఎప్పటినుంచో ఉంది. కోతలు అయ్యేసరికి మామ మిల్లు తిరక్కపోతే ట్రాక్టర్లన్నీ ఆ మొగలోనే ఆగిపోతాయి. ఒకసారి అక్కడ ఆడించుకుని అలవాటుపడ్డ రైతు మళ్ళీ ఇంత దూరం లోపలికి రాడు. మామకు ఉన్నదంతా ఆ మిల్లులోనే ఉంది. ఇది నాకు తెలుసు, సావుకారుకు తెలుసు, మా అత్తకు అందరికన్నా బాగా తెలుసు. అందుకే ఆ హాపరును నేను పని అనుకుని చేయలేదు, మేనమామ రుణం అనుకుని చేశాను.

హాపరంటే పెద్ద ఇనప గరాటు. ఎలివేటరు ధాన్యాన్ని పైకి మోసుకొచ్చి దీని నోట్లో పోస్తుంది. కింద మూతి లోంచి అది వడ్లు దంచే హల్లరులోకి దిగుతుంది. ఇంతే. కానీ నేను కట్టిన హాపరు అంతే కాదు. లోపల ధాన్యం మెల్లగా దిగడానికి అడ్డుపలకలు, బయట బలానికి పక్కటెముకలు, లోపలికి చూడటానికి గాజు కిటికీ, చెయ్యి పెట్టి శుభ్రం చేయడానికి తలుపు, ఆ తలుపుకు గొళ్ళెం, మేకులూ చీలలూ ఏరడానికి అయస్కాంతం పెట్టిన తట్ట, చుట్టూ బోల్టుల కన్నాలు. మయుడొచ్చి చూసినా ‘ఈ తట్ట ఆలోచన నాకు రాలేదే’ అని తల గోక్కునేవాడు. అన్నీ కలిపి ఒకే సాలిడ్ చేశాను. మా అత్త బరంపురం వచ్చి, అద్దం కట్టించిన లక్ష్మీదేవి పటం ఒకటి నా బల్ల మీద పెట్టింది.

“బాబూ, మిల్లు గుమ్మంలోకి రాగానే తల్లి కనపడాల. ఆ గరాటు మొగానికి ఒక గూడు ఎట్టు. పటం అందులో సక్కగా కూకోవాల. గోడకి మేకేసి తగిలిస్తే మిసను అదురుకి పడిపోద్ది.”

సరేనని ఉత్తరం వైపు పలక మీద గూడు కట్టాను. పటం పొడుగూ వెడల్పూ కొలిచి, గూట్లో అది గాలి చొరబడకుండా పట్టేలా చేశాను. మామకూ అత్తకూ తెర మీద తిప్పి చూపించాను. ఇద్దరూ తెరకు దణ్ణం పెట్టారు. సావుకారు పలకలు తెప్పించాడు. పనిలో చెయ్యి పెట్టబోతుండగా మామ ఫోను చేశాడు.

“అల్లుడూ, టికే పని.”

నా ఎడమ కన్ను అదిరింది.

“ఏటి మావా?”

“ఏటీ నేదురా. హల్లరు మిసను సరిగ్గా దూలం కిందికి ఒచ్చింది. సిద్దాంతి ఒచ్చి సూసినాడు. దూలం కింద యజమాని కూకోకూడదు, మంచం ఎయ్యకూడదు, మిసను ఎట్టకూడదు అన్నాడు. అంచేత పడమటేపుకి ఒక జానెడు జరిపీసినాం. గరాటు కింద మూతి కూడా ఒక జానెడు జరిపీ. పైన మూతి ఉన్నకాడే ఉండాల. ఎలివేటరు కదలదు.”

“జరిపేశారా? సిమెంటు కూడా వేసేశారా?”

“బోల్టులు దించి, సిమెంటు పోసి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టీసినాం. ఇక కదపకూడదు. నువ్వు కంపూటర్లో ఒక జానెడు ఒరిగించు అల్లుడూ. టికే.”

మిల్లు కట్టేటప్పుడు దూలం ఎక్కడుందో ఆ సిద్ధాంతికి కనపడలేదా అని నేను అడగలేదు. మామతో అలా మాట్లాడితే అమ్మ ఊరుకోదు. ఫోను పెట్టేసి, ప్లైవుడ్డు గోడను తన్నాను. అది అవతల పడింది. దాని వెనక సావుకారు భోజనం చేస్తున్నాడు.

“ఏటయిపోనాది ఇంజినీరు బాబూ, ఏటి ఆ కోపం?”

చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే నవ్వాడు.

“దీనికేనా! టికే నెట్టీడమే కద. నా కళ్ళముందే రోజూ ఆ మౌసు పట్టుకోని బొమ్మని గిరగిరా తిప్పుతావు. తిప్పడం ఒచ్చినోడికి ఒరగదీడం రాదేటి?”

“తిప్పడం వేరు, ఒరగదీయడం వేరు సావుకారు గారూ. చూడండి.”

ఆయన విస్తరి పక్కన వేయించని అప్పడాల కట్ట ఉంది. పక్క వీధి వాళ్ళు రుచి చూడమని పంపినవి. ఆ దొంతర బల్ల మీద నిలబెట్టాను. “ఇది హాపరు. దీన్ని తిప్పడమంటే ఇలా,” అని దొంతర మొత్తాన్ని పక్కకు వంచాను. “తాగినవాడు గోడకి ఆనినట్టు నిలువునా వాలిపోయింది. పైమూతీ కిందమూతీ రెండూ వాలిపోయాయి. మనకిది పనికిరాదు. ఒరగదీయడమంటే ఇది.” మళ్ళీ నిటారుగా నిలబెట్టి, అరచేత్తో పక్క నుంచి మెల్లగా నెట్టాను. ఒక్కొక్క అప్పడం కింది అప్పడం మీద రవ్వంత జరిగింది. “ప్రతి అప్పడం బల్లకి సమంగానే ఉంది. దొంతర మాత్రం ఒరిగింది. స్క్యూ అంటారు దీన్ని. మూవ్ ఉంది, కాపీ ఉంది, రొటేట్ ఉంది, అద్దంలో బొమ్మలా తిరగేయడం ఉంది, పెంచడం ఉంది, తగ్గించడం ఉంది. ఈ వెధవ సాఫ్ట్‌వేర్‌లో సాలిడ్‌కి స్క్యూ మాత్రం లేదు!”

సావుకారు దొంతర వంక చాలాసేపు చూశాడు. పైన ఉన్న అప్పడం తీశాడు, లోపలికి కేకేసి కాల్చి తెమ్మన్నాడు.

“అర్దమైంది. ఇప్పుడు సెప్పు, రేపటికల్లా అయిపోద్దా?”

ఆ రోజు ఆయన్ని చంపకుండా వదిలేశాను. మహాత్ములు నడిచిన దేశంలో పుట్టినందుకు నాలో మిగిలిన అహింస అంతా అక్కడే ఖర్చయిపోయింది.

అసలు ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళను ఊహించుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. చల్లని గదుల్లో కూర్చుని, ఈ లోకంలో ప్రతి వస్తువూ నిటారుగా నిలబడుతుందనీ, ప్రతి దూలం ముందే ఆలోచించి వేస్తారనీ అనుకున్న మనుషులు. వాళ్ళ ఊళ్ళో సిద్ధాంతులు లేరు కాబోలు. వాళ్ళ మామలు ఫోన్లు చేయరు కాబోలు. ఒక పెట్టెను గుండ్రంగా చేయమంటే చేస్తుంది. గాజుదిగా చూపమంటే చూపుతుంది. వెలుగు ఏ వైపునుంచి పడాలో అడుగుతుంది. ఒరగదీయమంటే మాత్రం తెర కింద ఎర్రటి గీత ఒకటి వెలిగించి, ఈ పని కుదరదు అని ఇంగ్లీషులో గౌరవంగా చెబుతుంది. ఆ గౌరవం చూస్తే ఇంకా మండేది.

సావుకారు తన జానెడు పరిచి “ఇంతే కద, ఎట్టీ” అన్నాడు. ఆయన చెయ్యి పూరీ అంత ఉంటుంది. మా మామ చెయ్యి చాట అంత. నేను నమ్మలేదు. టేపు పట్టుకుని బస్సెక్కాను. పురుషోత్తంపూర్ బస్సు గురించి చెప్పడానికి ఇది చోటు కాదు గానీ, అందులో నా ఒళ్ళో ఒక మేక కూర్చుంది, ఆ మేక ఒళ్ళో దాని పిల్ల కూర్చుంది. టిక్కెట్టు నాకే అడిగారు.

మిల్లులో మిషను జరిగిన దూరం టేపుతో కొలిచాను. మామ వెనకనుంచి చూస్తున్నాడు.

“టేపెందుకురా? సిద్దాంతి యజమాని జానెడు అని సెప్పినాడు. నాను నా సేత్తోటే కొలిసి జరిపించినాను.”

“మావా, కంప్యూటరుకి జానెడు తెలీదు. మిల్లీమీటర్లు కావాలి.”

“మిల్లు నాది, మిసను నాది. జానెడు మాత్రం దానిదేటి? ఒక కాయితం తే.”

కాగితం నేల మీద పరిచాను. మామ మోకాళ్ళ మీద కూర్చుని, సభలో ప్రమాణం చేస్తున్నట్టు కుడిచెయ్యి పరిచి పెట్టాడు. బొటనవేలు, చిటికెనవేలు సాగినంత సాగదీశాడు. నేను చుట్టూ పెన్సిలుతో గీశాను. “దీన్ని డ్రాయింగుకి అంటించు. ఎవుడైనా ఎంత అని అడిగితే ఇదీ అని సూపించు,” అన్నాడు. టేపు లెక్కా చేతి లెక్కా ఒక్కటే అయ్యాయి. ఆ వ్యవహారమంతటిలో సరిగ్గా కుదిరింది అదొక్కటే.

వెళ్ళేటప్పుడు మామ గుమ్మం దాకా వచ్చాడు. రోడ్డు మొగలో ఉన్న మిల్లు ఇంజను చప్పుడు అక్కడికి వినిపిస్తోంది. “కోతలు మొదలయిపోనాయి అల్లుడూ,” అన్నాడు అటు చూస్తూనే. “నిన్న మనకి మాటిచ్చినోడు ఒకడు అటు ఎల్లిపోనాడు. అడిగితే, మీ మిల్లు ఇంకా ఆడటం నేదు కద మావా అన్నాడు.” ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు రెట్టింపు వచ్చింది.

గదిలో కూర్చుని ఎన్ని విధాల ప్రయత్నించానో! ముందు పైమూతికీ కిందమూతికీ మధ్య కొత్త పలకలు లాగాను. ఉత్త గరాటు చక్కగా ఒరిగింది. కానీ దాని పక్కటెముకలు, తట్ట, తలుపు, గొళ్ళెం అన్నీ గాలిలో వేలాడాయి. మళ్ళీ మొదటినుంచీ కట్టుకోవాలి. రెండోసారి, ఎవరో నెట్‌లో రాసిన కిటుకు పట్టాను: బొమ్మను మూట కట్టి, వాలుగా తిప్పి, ఒక వైపే సాగదీసి, మళ్ళీ తిప్పితే ఒరిగినట్టు అవుతుంది. అయింది! గదిలో ఎగిరాను. మూట విప్పబోతే మొండికేసింది. మూటలో ఉన్నంతసేపూ ఒరిగినట్టు నటిస్తుంది; విప్పి పనికి వాడుకోబోతే, నేను సాలిడ్‌ని, నన్ను ఒక వైపే సాగదీయడం కుదరదు అంటుంది. ఇదెక్కడి ఆత్మగౌరవం! గీతలకు లేని రోషం, సాలిడ్‌కు ఎక్కణ్ణుంచి వచ్చిందో. మూడోసారి ఒక చిన్న ప్రోగ్రాం దించుకున్నాను. అది తెరను నీలంగా మార్చి తనదారిన తను పోయింది. మధ్యమధ్యలో కరెంటు. బరంపురం కరెంటు గురించి వేరే చెప్పక్కర్లేదు. అది కూడా ‘టికే’ పోయేది.

ఆఖరికి, ఎవరో ఊరికే పంచిపెట్టే ఇంకో సాఫ్ట్‌వేర్ దొరికింది. నా హాపరును అందులోకి పంపి, ఒరగదీసి, వెనక్కి తెచ్చుకోవచ్చు. పంపాను. మొత్తం పట్టుకుని, కింద మూతిని పడమరకు మామ జానెడు నెట్టాను. మయుడు, విశ్వకర్మ, మా సావుకారు, ముగ్గురూ చేయలేని పని ఒక్క క్షణంలో అయింది. వెనక్కి తెచ్చుకున్నాను. రెండు మూతులూ నేలకు సమంగా, నడుము మాత్రం వయ్యారంగా పక్కకు. నా కళ్ళు చెమర్చాయి.

అయితే అలా వచ్చినదానికి ఒక గుణం ఉంది. అది నోరు లేని ముద్ద. ఇది తలుపు, ఇది తట్ట, ఇది పక్కటెముక అని దానికి తెలియదు. ఏ భాగాన్నీ విడిగా పట్టుకుని సరిచేయడానికి ఉండదు. చేస్తే మొత్తం మళ్ళీ చేయాలి. బోల్టుల కన్నాలు కూడా వాలిపోతే, అవి మాత్రం కాగితం మీద చేత్తో దిద్దాను. మిగిలినవన్నీ దాని ఖర్మానికి వదిలాను. అప్పటికి నా కోపం పరాకాష్ఠలో ఉంది. మా షెడ్డు వెల్డరు ఒక ఒడియా పెద్దమనిషి. వంకరగా ఏది కనపడినా, పాపం పిల్లవాడు తప్పు గీశాడని జాలిపడి, తనే తిన్నగా చేసేసే అలవాటు ఉంది ఆయనకు. ఈ హాపరును కూడా నిటారుగా చేసేస్తే మామ పని అయిపోయినట్టే. అందుకని డ్రాయింగు నెత్తిన ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో, తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ రాశాను: ‘ఇందులో ఉన్నది ఉన్నట్టు చేయవలెను. వంకరగా కనపడినది వంకరగానే చేయవలెను. వెంట్రుక వాసి దిద్దినా ఊరుకోను.’

ఆయన చదివి, నా మొహం చూసి, “హఉ ఆగ్యాం,” అన్నాడు. అలాగేనండి అని. చేశాడు కూడా.

హాపరు లారీ ఎక్కింది, మిల్లులో దిగింది, నిలబడింది. పైమూతి ఎలివేటరుకు, కిందమూతి హల్లరుకు, పాలల్లో నీళ్ళలా కలిసిపోయాయి. ముహూర్తం రోజున మాటిచ్చిన రైతులు ట్రాక్టర్లతో వచ్చి మిల్లు ముందు ఆగారు. ఇంకా కొందరు రోడ్డు మొగలోనే ఆగి, ఇటు ఇంజను చప్పుడు వస్తుందో రాదో వింటున్నారని మామకు కబురొచ్చింది. మామ కొత్త పంచె కట్టుకుని స్విచ్చు బోర్డు దగ్గర నిలబడ్డాడు. అత్త పటం పట్టుకుని హాపరు దగ్గరికి వెళ్ళింది. పసుపు రాసింది, కుంకం పెట్టింది, పటం గూట్లో పెట్టబోయింది.

పట్టలేదు.

ఇటు తిప్పింది. పట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. నేనూ అప్పుడే చూశాను. గరాటుతోపాటు గూడూ ఒరిగింది. కింద గట్టు నేలకు సమంగా ఉంది, పైన కప్పు సమంగా ఉంది, రెండు పక్కలూ తూర్పుకు వాలి ఉన్నాయి. చదరంగా ఉన్న పటం అందులో ఎలా కూర్చుంటుంది?

“ఓలమ్మో! తల్లి ఇంటిని ఒరగదీసీసినారర్రా!”

రైతులందరూ లోపలికి వచ్చేశారు.

“ఎవడు సేసినాడీ పని?” అంది అత్త.

వెల్డరు నా వైపు చూశాడు. సావుకారు నా వైపు చూశాడు. మామ నా వైపు చూశాడు. ఒక రైతు, నన్నెప్పుడూ చూడనివాడు, వాడూ నా వైపే చూశాడు.

“నాదేటి తప్పు!” అని అరిచాను. నాకు కోపం వస్తే మా ఊరి మాట దానంతటదే వస్తుంది. “మావ ఒరిగించమన్నాడు, ఒరిగించినాను. ఒరిగిస్తే అన్నీ ఒరుగుతాయి. లచ్మమ్మ గూడు ఒక్కటీ వద్దు అని సెప్పడానికి ఆ ముద్దకి సెవులేటి?”

వెల్డరు తాపీగా తన వచ్చీరాని తెలుగులో అన్నాడు: “మీరే రాసినారు కద ఆగ్యాం. వంకర ఉంటే వంకరే సెయ్యి అని. నాను టికే కూడా దిద్దలేదు.”

జీవితంలో మొదటిసారి ఒక మనిషి ‘టికే’ దిద్దలేదు. అదీ ఆ రోజే.

“కోసీ దాన్ని,” అంది అత్త. “కోసీసి తిన్నగా ఎట్టు.”

“గూటి వెనక పలకే హాపరు పలక అత్తా. కోస్తే చిల్లు పడుద్ది. ధాన్యమంతా తల్లి నెత్తి మీదే పోస్తాది.”

అత్త పటం ఒళ్ళో పెట్టుకుని, స్విచ్చు బోర్డు కింద చతికిలబడింది. “అయితే తల్లి తిన్నగా కూకునేదాకా ఈ మిసను తిరగదు.”

“నువ్వు లెగు ముందు,” అన్నాడు మామ. “బయట ధాన్యం ఉంది.”

“ధాన్యం ఉంటే? ఆ తల్లి దయ నేకపోతే ధాన్యం ఎక్కడిది? నన్ను తొక్కి స్విచ్చు ఎయ్యి, సూస్తాను.”

రోడ్డు మొగనుంచి ఆ పాడు ఇంజను చప్పుడు టకటకా వినపడుతోంది. బయట ఒక ట్రాక్టరు స్టార్టు చేశారు. మామ మొహం తెల్లబోయింది. ఆ క్షణంలో నాకు ఎవరి మీద కోపం రావాలో అర్థం కాక, అందరి మీదా ఒకేసారి వచ్చింది. “దీనంతటికీ మూలం ఆ సిద్ధాంతి! ఆయన్నే అడగండి. దూలం ఆయన కళ్ళకే కనపడింది కద, గూడు కూడా ఆయన్నే సూడమనండి!” అని మామ జేబులోంచి ఫోను లాక్కుని, నేనే నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాను. మనసులో మాత్రం ఒకటే ఉంది: ఆ పెద్దమనిషిని ఇంతమందిలో నిలబెట్టి కడిగెయ్యాలి.

అత్త ఏడుపు గొంతుతో సంగతంతా చెప్పింది. అటునుంచి సిద్ధాంతి పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆయనకు కూడా చెమటలు పడుతున్నాయని నాకు సంతోషం వేసింది. తరవాత గొంతు సవరించుకున్నాడు.

“గూడు తల ఏ దిక్కుకు ఒరిగిందమ్మా?”

“తూరుపుకండి.”

“తూర్పుకేనా? సరిగ్గా చూసి చెప్పండి.”

“తూరుపుకేనండి. కాళ్ళేపు పడమరకి జరిగింది.”

“ఇంకేమిటమ్మా మీ భయం! మనిషి పడుకుంటే తల తూర్పుకు పెట్టుకోమంటాం కదా? అమ్మవారి గూటికి తల తూర్పుకు ఒరిగితే అంతకన్నా శుభం ఉందా! ఇది బుద్ధిగా చేసిన పని. ఎవరు చేశారు?”

అందరూ మళ్ళీ నా వైపు చూశారు. ఈసారి చూపు వేరు. ఎవరినో కడిగేద్దామని ఎత్తిన చెంబెడు నీళ్ళూ నా నెత్తి మీదే గుమ్మరించుకున్నట్టయింది.

అత్త లేచింది. వెల్డరు పటానికి చెక్క చట్రం, అద్దం ఊడదీశాడు. చట్రం పోతే పటం సన్నబడింది. వాలుగా ఉన్న రెండు గోడల మధ్య నిటారుగా నిలబడింది. అత్త దణ్ణం పెట్టింది. మామ స్విచ్చు వేశాడు. ఎలివేటరు ధాన్యాన్ని ఎత్తి హాపరు నోట్లో పోసింది. ఒరిగిన గోడమీద ధాన్యం ఎక్కడైనా అంటుకుని ఆగుతుందేమోనని నేను గాజు కిటికీకి మొహం ఆనించి, ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. సర్రున జారి హల్లరులో పడింది. కిందనుంచి తెల్లటి బియ్యం వచ్చింది. మామ ఒక గుప్పెడు తీసి, నమిలి, అలాగే నిలబడి ఏడ్చాడు. బయట ఇంజను ఆపేసి ట్రాక్టరు వాళ్ళు బస్తాలు దించడం మొదలెట్టారు. మొగలో ఆగినవాళ్ళు కూడా చీకటి పడకముందే లోపలికి వచ్చారు.

ఇక్కడితో అయిపోతే నేను ఇంత కోపంగా ఇది రాసేవాణ్ణి కాదు.

మామ మిల్లు ఆ ఏడాది ఆగకుండా ఆడింది. ఎందుకు ఆడిందో నన్నడిగితే చెబుతాను: హల్లరు మంచిది, మామ మాటతీరు మంచిది. కానీ నన్నెవరూ అడగలేదు. చూడటానికి వచ్చిన ప్రతి మిల్లు యజమానీ ఆ ఒరిగిన గూటినే చూశాడు. అత్త ప్రతివాడికీ చెప్పింది, తల తూర్పుకు అని. పొలసర నుంచి ఒకాయన వచ్చి మా సావుకారుని అడిగాడు: అలాంటిదే కావాలి, గూడు ఒరిగి ఉండాలి. గూడు ఒరగాలంటే హాపరు ఒరగాలి కదా అన్నాను. ఒరగనీ అన్నాడు. ఆయన మిల్లులో దూలం అడ్డంలేదు, హల్లరు నిటారుగా హాపరు కిందే ఉంది. హాపరు ఒరగడం కోసం ఆయన హల్లరునే జరిపించాడు! చక్కగా ఉన్న మిషను తవ్వించి, ఒక జానెడు పడమరకు పెట్టించాడు. ఆ తరవాత ఇంకొకరు. మా సావుకారు దానికి ఒక పేరు పెట్టి, రంగుల కాగితం అచ్చేయించి పంచాడు. ఇప్పుడు మా షెడ్డులో నిటారు హాపరు అడిగేవాడు లేడు.

సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చినప్పుడల్లా ముందు అదే వెతుకుతాను. తెర రంగులు మారాయి, బొమ్మలు మెరుస్తున్నాయి. స్క్యూ లేదు. ప్రతి హాపరునూ ఆ రెండో సాఫ్ట్‌వేర్‌లోకి మోసుకెళ్ళి, ఒరగదీసి, ముద్దగా వెనక్కి మోసుకొస్తున్నాను. జుట్టు నెరిసింది. ప్లైవుడ్డు గోడను తన్నీ తన్నీ కాలికి కాయ కాసింది.

మొన్న భంజనగర్ నుంచి ఒకాయన ఫోను చేశాడు.

“బాబూ, మాకూ ఒక గరాటు కావాల. తల్లి గూడు ఒరిగుండాల.”

“ఎంత ఒరగాలి?” అన్నాను, ఎంత వీలైతే అంత కటువుగా.

“ఒక జానెడండి.”

“ఎవరి జానెడు? మీదా?”

“నాదెందుకండి? నా జానెడుతోటి మిల్లు ఆడుద్దో ఆడదో ఎవులకి తెలుసు. ఆ పురుసోత్తంపూర్ మావదే ఎట్టండి.”

తల ఎత్తి చూశాను. కంప్యూటరు పైన, అగరొత్తి పక్కన, మా సావుకారు పటం కట్టించి దండ వేయించిన పెన్సిలు బొమ్మ వేలాడుతోంది. సాగినంత సాగిన మా మామ కుడిచెయ్యి. వేళ్ళన్నీ విప్పి, చెంప పగలగొట్టడానికి ఎత్తినట్టు సరిగ్గా నా మొహం మీదికే ఉంది.

“రేపటికల్లా అయిపోద్దా బాబూ?” అన్నాడు భంజనగర్ ఆయన. “టికే తొందరండి.”